నీలి కంటికి తెలియని పేరు

మా కంప్యూటర్ తెర మీద కుడివైపు కింద మూలన ఒక ఆకుపచ్చ చిలుక బొమ్మ ఉండేది. అది యాంటీవైరస్. నంద్యాలలో కంప్యూటర్ షాపు నడిపే లూదియా అక్క దాన్ని వేసిచ్చి ఒక మాట గట్టిగా చెప్పింది: "చిలుక ఉన్నంతసేపు భయం లేదు. దాని జాగాలో ఇంగోటి కనబడితే దొంగే. వెంటనే స్విచ్చి పీకేయండి." మా నాయన చెన్నకేశవులు ఆ మాటను వేదవాక్కులా పట్టుకున్నాడు.

ఆ రోజు పొద్దున చూస్తే చిలుక లేదు. దాని చోట నీలం రంగు కన్ను ఒకటి మిటకరించి చూస్తోంది.

ఆళ్లగడ్డలో మాది శిల్పాల పని. రాతిని ముందు యంత్రం చెక్కుతుంది. కళ్లూ పెదాలూ నాయన ఉలితో తీరుస్తాడు. ఆ యంత్రాన్ని నడిపే ప్రోగ్రాం మా తమ్ముడు వెంకటేష్ రాసిందే. తెరవగానే "ఎత్తుకుందామా నాయనా?" అని అడుగుతుంది. "ఎత్తుకో నాయనా" అని మా నాయన తెరకే బదులు చెప్పి పని మొదలుపెడతాడు. వెంకటేష్ పోయి రెండేళ్లు. శిరివెళ్ల దగ్గర లారీ గుద్దింది. ప్రోగ్రాం కాపీ ఉన్న పెన్‌డ్రైవ్ వాడి జేబులోనే నుజ్జయింది. ఇంక మిగిలింది ఈ కంప్యూటర్‌లో ఉన్నదొక్కటే.

లూదియా అక్కకు ఫోన్ చేశాను.

"కన్నేనా? రానీలే వర్షిణీ. చిలుక కంపెనీని కన్ను కంపెనీ కలిపేసుకునింది. పెండ్లయింది, ఇంటిపేరు మారింది అనుకో. పొద్దున్నుంచి నంద్యాలంతా ఇదే ఫోను నాకు. దొంగ గాదు, పని చేసుకోండి" అని పెట్టేసింది.

నాయన ప్రోగ్రాం తెరిచాడు. పలకరింపు రాలేదు. ఎర్రటి పెట్టె ఒకటి వచ్చి ఇంగ్లీషులో ఏదో చెప్పింది.

"ఏమంటాందిమ్మా?"

"వెంకటేష్ ప్రోగ్రాం ప్రమాదమంట నాయనా. పట్టుకున్యాదంట. కంప్యూటర్ ఒకసారి ఆరి వెలిగితే పూర్తిగా తుడిచేస్తాదంట."

పెట్టె అడుగున అంకెలు తగ్గుతున్నాయి. సున్నాకు వస్తే కంప్యూటర్ దానంతటదే ఆరి వెలుగుతుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. పెళ్లయి వచ్చిన కోడలు వచ్చిన పూటే ఇంట్లోవాళ్లను బయటికి గెంటుతుందా? ఆ చిలుక ఇన్నేళ్లూ వాడి ప్రోగ్రాం జోలికే రాలేదు. మావాడని దానికి తెలుసు. దాన్ని కొన్నవాళ్లకు ఆ సంగతి అడగాలనే తోచలేదు కాబోలు.

మళ్లీ ఫోన్ చేశాను. లైను బిజీ. ఇంకోసారి చేశాను. అదే పాట. ఇంతలో నాయన లేచి గోడ దగ్గరికి నడిచాడు.

"యాడికి నాయనా?"

"స్విచ్చి పీకుతా. లూదియమ్మ చెప్పింది గదా."

"వద్దు!"

రాతిపొడి అంటుకున్న ఆయన చెయ్యి స్విచ్చి మీదే ఆగిపోయింది.

"పీకితే ఆరిపోతాది నాయనా. ఆరి వెలిగితే వాడు పోతాడు."

ప్రోగ్రాం అనబోయి వాడు అన్నాను. నాయన చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చంకలో దాచుకున్నాడు.

ఈసారి అక్క ఎత్తింది. నేను ఏడుపు గొంతుతో చెప్పింది విని, "ఏడవాకు. ఎర్రపెట్టెను ముట్టుకోవాకు. కన్ను మీద నొక్కు. పట్టుకున్నవాటిని దాచే అర ఉంటాది, చూడు" అంది.

"అది చిలుకలో ఉండె. దీంట్లో లేదక్కా."

"అన్నీ అటూ ఇటూ మార్చి చచ్చినారు! జరిగినవన్నీ చూపించే చోటు ఉండాదా? దాంట్లోకి పో. బేగా!"

నొక్కాను. తెర మీద గుండ్రటి గుర్తు తిరుగుతూనే ఉంది. ఎర్రపెట్టెలో అంకెలు మాత్రం ఆగడం లేదు. నాయన నా కుర్చీని వెనక నుంచి పట్టుకున్నాడు.

ఆ చోటు లోపల దాగున్న అర తెరుచుకుంది. లోపల ఒకే ఒక వరుస ఉంది.

"ఏముందిమ్మా?"

"తయారుచేసినోళ్లెవరో తెలీదంట. అయినా ఉండనియ్యాల్నా అని అడుగుతాంది."

"తెలీదంటాదేందీ? మా వెంకటేష్ అని రాయి."

"రాసేదానికి చోటు లేదు నాయనా."

"చోటు లేదా?" అన్నాడు నాయన. ఆయన ముఖం చూసే ధైర్యం నాకు లేకపోయింది.

'ఉండనివ్వు' అన్నదాని మీద నొక్కాను. ఎర్రపెట్టె మాయమైంది. ఫోన్‌లో అక్క "ఏమైంది? ఏమైందే?" అని అరుస్తోంది. ప్రోగ్రాం తెరిచాను.

"ఎత్తుకుందామా నాయనా?"

నాయన ముందుకు వంగి, మూలనున్న నీలం కన్ను మీద వేలు ఆనించాడు. తెర మీద తెల్లటి మరక పడింది.

"వీడు మా పిల్లోడు. గుర్తు పెట్టుకో" అని దానికి చెప్పాడు.

ఆ తర్వాత కూర్చుని, కండువాతో ముఖం తుడుచుకుని, "ఎత్తుకో నాయనా" అన్నాడు.