నుదుటి వైపు, పాదాల వైపు

అయితే అక్కడ ఎవరూ ఉండరా అమ్మా అని అడిగింది మా అమ్మాయి పిచ్చుక, ఒకవైపు ఎప్పుడూ పగలే, ఇంకోవైపు ఎప్పుడూ రాత్రే ఉండే గ్రహం గురించి చెప్పినప్పుడు, ఉండరే, ఎండ వైపు మాడి మసైపోతారు, చీకటి వైపు గడ్డకట్టుకుపోతారు అన్నాను, ఏడేళ్ళ పిల్లకి ఒక అబద్ధం చెబితే నా సొమ్మేం పోయేది, ఇప్పుడు రోజూ ల్యాబులో ఈ పెట్టె ముందు కూర్చోగానే ముందు దాని గొంతే వినిపిస్తుంది, పెట్టె అంటే బీరువా అంత, ఎడమ గోడ కాలుతూ ఉంటుంది, కుడి గోడ మంచు, రెంటికీ మధ్య అడ్డంగా గాజు పలక, అటో పళ్ళెం ఇటో పళ్ళెం, రెంటిలోనూ నాచు, అలాంటి గ్రహం మీద ప్రాణం నిలుస్తుందా అని తేల్చడమే నా ఉద్యోగం, ఇన్నాళ్ళకి తేలింది నిలవదని, ఎడమ పళ్ళెంలో బూడిద, కుడి పళ్ళెంలో నల్లటి అట్ట, ఈ సాయంత్రం పెట్టె ఆపేస్తారు, ఈ సాయంత్రం బస్సుకే మా ఆయన కూడా వెళ్ళిపోతున్నారు.

వాళ్ళక్కగారింటికి అన్నారు గానీ నాలుగు రోజులకి కాదు, గడ్డం గీసుకునే డబ్బాతో సహా సర్దుకున్నారు, పొద్దున నేను పళ్ళు తోముకుంటుంటే వెనక నిలబడి, ఇంక ఈ ఇంట్లో ఉండలేను, చెప్పకుండా వెళ్తే బాగుండదని చెబుతున్నా అన్నారు, నోటినిండా నురగ, ఊఁ అన్నాను, ఇన్నేళ్ళ కాపురానికి ఒక ఊఁ, పిల్ల పోయాక మా మధ్య మాటలంటే పాలొచ్చాయా, తాళం వేశావా, అంతే, నాకు ఒళ్ళంతా మంట, ఫ్యాను లేనిదే కన్ను మూతపడదు, ఆయన కిటికీలన్నీ బిగించి దుప్పటి ముసుగేసుకుని ఆ చివరి గదిలో, మధ్యలో పిల్ల గది, దాని తలుపు ఎవరూ తియ్యరు, దాని పేరెత్తితే ఆయన కూలిపోతారని నేను, నేను కూలిపోతానని ఆయన.

అయినా మేం ఆ మంచం దగ్గర్నుంచి కదిలిందెప్పుడు, ఆ రోజు పిల్ల నుదురు పెనంలా కాలుతోంది, పాదాలు చూస్తే మంచుగడ్డలు, అంత చిన్న ఒంట్లో ఆ రెండూ ఎలా పట్టాయో, అంబులెన్సు వచ్చేదాకా తలమీద తడిగుడ్డ వెయ్యండి, కాళ్ళు రుద్దుతూ ఉండండి అని ఫోన్లో డాక్టరు, నేను తల దగ్గర, ఆయన కాళ్ళ దగ్గర, ఉన్నట్టుండి నా చేతికింద నుదురు చల్లబడింది, అమ్మయ్య జ్వరం దిగిందనుకుని నవ్వాను, అది పోతుంటే నేను నవ్వాను, ఆ నవ్వు అద్దంలో కనిపిస్తుంది, బస్సు కిటికీలో కనిపిస్తుంది, ఇదుగో ఇప్పుడు ఈ పెట్టె తలుపు మీద కూడా.

ఇదేమిటే తల్లీ, గాజు పలక ఏదీ అంటోంది అత్తగారు, అత్తగారంటే నా అత్తగారు కాదు, నాతో పనిచేసే ఆవిడ, మిషన్లని కూడా కోడళ్ళని సాధించినట్టు సాధిస్తుందని అందరం అలాగే పిలుస్తాం, మొన్న ఆవిరి పట్టిందని పలక తీసి తుడిచాను, అదుగో బల్లమీదే ఉంది, తిరిగి పెట్టనే లేదు, మా ల్యాబు పెద్దాయన చూస్తే చంపేస్తాడు, వేడివైపు గాలి చలివైపు తగిలితే అంకెలు చెడిపోతాయి, తగలకూడదన్నదే ఆయన మొదటి నియమం, సరేలే, ఎలాగూ ఆపేసేదేగా అంటూ ఆవిడ కుడి పళ్ళెం లాగింది, లాగి, ఇలా రా ఒకసారి అంది, గొంతు మారిపోయింది, మంచు కరిగి చెమ్మగా ఉంది, నల్లటి అట్ట అంచున పచ్చగా, వేలిగోరంత, చచ్చిందనుకున్నది కాస్తా లేచి కూర్చుందే అంటోంది, ఇన్నాళ్ళూ ఎండ చంపింది, చలి చంపింది అని రాసుకున్నాం, ఏ గ్రహానికైనా మధ్యలో గాజు పలక ఉంటుందా, అక్కడ గాలి అటూ ఇటూ తిరగదా, అంకెలు శుభ్రంగా ఉండాలని మేమే కదా అడ్డం పెట్టింది.

మా ఆయనకి ఫోను చేశాను, ఎత్తారు, వెనక బస్సుల హారన్లు, తాళం పక్కింట్లో ఇచ్చాను అన్నారు, అది కాదండీ, పిచ్చుక నుదురు చల్లబడినప్పుడు నేను నవ్వాను అన్నాను, పేరు నోట్లోంచి వచ్చేసింది, నేను కూలిపోలేదు, సరిగ్గా అప్పుడే నా చేతుల్లో దాని పాదాలు వెచ్చబడ్డాయి అన్నారు ఆయన, నీకు చెబుదామని తలెత్తాను, నువ్వు నవ్వుతున్నావు, నేనూ నవ్వాను, నువ్వు నావైపు చూడలేదు అన్నారు, బస్సు వచ్చేసిందని ఎవరో అరుస్తున్నారు, ఎక్కకండి, అక్కడే ఉండండి, నేనొస్తున్నా అంటున్నాను, చెప్పులు ఎక్కడ విడిచానో కనిపించడం లేదు, నా చేతికింద తగ్గిన వేడి ఆయన చేతికింద తేలింది, అంత చిన్న ఒంట్లోంచి నడిచి వెళ్ళింది, అక్కడ ఎవరూ ఉండరా అంటే, ఉంటారే పిచ్చుకా, ఇటు వేడి అటు వెళ్ళనిస్తే ఉంటారు.