ఒంటి సూది

కొత్తవాడలో జంపఖానాలు నేసే కట్టయ్యకు పందొమ్మిది వందల ఎనభై అయిదు ఎండాకాలంలో టీబీ తిరగబెట్టింది. మగ్గం పక్కనే డబ్బా పెట్టుకుని ఉమ్మేవాడు. నెత్తుటి చారల ఆ కళ్ళెను భార్య భద్రమ్మ పారబోసేది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మొహం పక్కకు తిప్పుకునేది. కట్టుకున్నవాణ్ని ఏవగించుకుంటున్నానే అని తన మీద తనకే రోత పుట్టేది.

వీధి చివరి సారంగపాణి ఏ చదువూ లేకుండానే డాక్టరయ్యాడు. నిరుడు అతను వేసిన సూదులతో రెండు నెలల్లో నెమ్మదించింది. ఇప్పుడు అవే సూదులు నలభై వేసినా గుణం లేదు. భద్రమ్మ మొగుణ్ని పెద్ద దవాఖానకు తీసుకుపోయింది.

"ఒక్క మందే ఇస్తే, దానికి చావని పురుగులు మిగిలి పెరుగుతయ్ భద్రమ్మా. ఇగ ఆ సూది వాటిని ఏం చెయ్యదు," అంది డాక్టరు రాజేశ్వరి. "నాలుగు మందులు కలిపి ఇస్తున్న. ఒకదానికి తప్పించుకున్నది ఇంకోదానికి చస్తది. ఒక్కటి గూడ ఆపొద్దు. ఎర్రగోలీలకు మూత్రం ఎర్రగొస్తది, భయపడకుండ్రి."

వారం తిరక్కుండానే ఒకనాడు కట్టయ్య ఇంట్లో కనబడలేదు. భద్రమ్మ నేరుగా సారంగపాణి గదికి పోయింది. అతను ఒక ముసలాయన చీముగడ్డలోంచి సూది లాగి, మురికినీళ్ల గిన్నెలో ఆడించి, అదే సూదితో కట్టయ్యకు మందు ఎక్కిస్తున్నాడు. నేల మీద చీము దూదికి ఈగలు ముసురుతున్నాయి.

"మూత్రంల నెత్తురు పోతాందే! ఎర్రగోలీలు పారెయ్యమన్నడు ఈయన," అన్నాడు కట్టయ్య.

"అది నెత్తురు గాదు, మందు రంగు. నీకు ఎర్క లేదా డాక్టరూ?"

సారంగపాణి తల దించలేదు. "ఎర్కనే వదినా. అందరు దవాఖానకే పోతే నేనేం తినాలె?"

ఆమె మొగుణ్ని రెక్క పట్టి లేపుకొచ్చింది. తొమ్మిది నెలలు ప్రతి గోలీ తన ముందే మింగించి, నోరు తెరిపించి చూసింది. చివరి పరీక్షలో పురుగు లేదన్నారు.

ఆ వారమే చాయ్ హోటల్లో సారంగపాణి, "నా సూదులకే తగ్గింది," అని నలుగురిలో చెప్పుకున్నాడు. పక్కనే కూర్చున్న కట్టయ్య నవ్వి ఊరుకున్నాడట. ఆ మాట విన్నాక భద్రమ్మకు రెండు రోజులు మొగుడి మొహం చూడబుద్ధి కాలేదు. మూడోనాడు, దగ్గుతో తీసుకుంటున్న పక్కింటి మల్లక్కను రిక్షా ఎక్కించుకుని దవాఖానకు బయల్దేరింది.