బ్యాంకాక్‌లో తూబా వేళ్ళు

శామీర్‌పేట బడి నుంచి బ్యాంకాక్ లెక్కల పోటీకి వెళ్ళింది సాయిప్రియ, తూబా ఇద్దరే. జట్టు పతకం తమదేనని సాయిప్రియ కాలనీ అంతా చెప్పుకుని మరీ విమానం ఎక్కింది.

తూబా మనసులో లెక్క చేసేటప్పుడు బొటనవేలితో మిగతా వేళ్ళ కణుపులు తడుముతుంది. తస్బీ పూసలు చేతిలో లేనప్పుడు వాళ్ళ అమ్మమ్మ అల్లా పేరు అలాగే లెక్కపెడుతుంది. తూబాకు లెక్కలు అబ్బింది అక్కడినుంచే. జట్టు పోటీలో కదిలే ఆ వేళ్ళను చూసిన పరిశీలకురాలు, సాయిప్రియకు సైగలు చేస్తోందనుకుని ఇద్దరి కాగితాలూ లాగేసుకుంది. ఎంత చెప్పినా వినలేదు.

"నీ వేళ్ళు విరగ్గొట్టాలి తల్లీ!" అంది సాయిప్రియ ఏడుస్తూ.

"విరగ్గొట్టు గని, రేపటి పరీక్ష అయినంక," అంది తూబా. "నీ పతకం నేనే పోగొట్టిన ప్రియా."

మర్నాడు ఎవరికి వారు రాసే పోటీ. తూబా ఎడమచేతిని అందరికీ కనబడేలా బల్లమీద పరిచి, వేలు కూడా కదపకుండా చివరి లెక్కదాకా రాసింది. పక్క వరసలోంచి అది చూసిన సాయిప్రియకు నిన్నటి కోపం ఎటుపోయిందో తెలియలేదు. కానీ అలవాటు తప్పిన తూబా చాలా లెక్కలు తప్పింది. పతకం ఇద్దరికీ రాలేదు.

తిరిగొచ్చాక విమానాశ్రయంలో సాయిప్రియ తాతయ్య వెంకటరామయ్య ఆమె చెవిలో అడిగాడు. "ఆ పిల్ల వల్లే పోయిందటగా?"

"మా ఇద్దరికీ పోయింది తాతయ్యా. వచ్చే ఏడు కూడా తూబాతోనే వెళ్తా."

"గా మాట నన్నడిగి చెప్పాలె," వెనక నుంచి తూబా అంది. "నువ్వు మస్తు ఏడుస్తవ్."