బొడ్డులో దిగిన బాణం

రాణిగారు మళ్లీ చచ్చిపోయారు. ఈసారి బాణం సరిగ్గా బొడ్డులో దిగింది.

మీటింగ్ గదిలో పెద్ద తెర మీద, మంచుకొండ అంచున, రాణిగారు వెల్లకిలా పడి ఉన్నారు. బాస్ కాఫీ కప్పు పక్కన పెట్టి, బల్ల చివర కూర్చున్న అమ్మాయి వైపు కుర్చీ తిప్పాడు.

ఆ వీడియోగేమ్ కంపెనీలో ఆమెది దెబ్బల లెక్క. ఎవరికి ఏ ఆయుధం ఎక్కడ తగిలితే ఎంత ప్రాణం పోవాలో ఆమె రాసిన కోడే తేలుస్తుంది. ఉన్నమాట మొహం మీదే గుచ్చేస్తుందని ఆఫీసంతా ఆమెను ‘సూది’ అంటుంది.

"ఏమ్మా, మా రాణి మీద నీకేమన్నా పగా?" అన్నాడు బాస్.

"నాకెందుకు సార్ పగ? ఇనుమున్న చోట దెబ్బ ఆగాలి, చర్మమున్న చోట దిగాలి అన్నది మీరే. ‘నిఖార్సయిన యుద్ధం’ అని పోస్టర్ కూడా వేయించారు. పాపం బాణం మాత్రం ఏం చేస్తుంది? ఆవిడ ఒంటి మీద ఇనుముకి తగలాలంటేనే గురి కావాలి."

గోడ పక్కన ఎవరో దగ్గారు. ఆ దగ్గు వెనక నవ్వుంది.

రాణిగారికి బట్టలు గీసింది పొదుపు బాబాయ్. ఆ పేరు ఎందుకొచ్చిందో రాణిగారిని చూస్తే చాలు, ఎవరూ చెప్పక్కర్లేదు. ఛాతీకి అరచేయంత రేకులు రెండు, నడుముకో గొలుసు, మంచులో నడవడానికి ఎత్తు మడమల చెప్పులు. మోకాళ్లకు మాత్రం దిట్టమైన ఇనప తొడుగులు. యుద్ధమంతా మోకాళ్ల మీదే జరుగుతుందని ఆయనకెవరు చెప్పారో మరి.

"రాణి చురుగ్గా కదలాలి కదమ్మా, అందుకే బరువు తగ్గించా" అన్నాడు బాబాయ్.

"మరి హీరో కదలడా బాబాయ్? ఆయనకి చెవులక్కూడా ఇనుము తొడిగావు."

"ఆయన యోధుడు!"

"ఈవిడ?"

"ఈవిడ... యోధురాలు" అన్నాడు బాబాయ్, అంతా వివరించేసిన వాడిలా.

హీరో మాటెత్తితే బాస్ మొహం వెలిగిపోతుంది. వెలగదా మరి, ఆ మొహం ఆయనదే. తల నుంచి కాలిదాకా స్కానింగ్ చేయించుకుని మరీ హీరో అయ్యాడు. స్కానింగ్‌లో కనిపించని కండల్ని బాబాయ్ కవచానికే పోతపోసి పెట్టాడు.

"బట్టలు మారవు" తేల్చేశాడు బాస్. "పోస్టర్లు ఊరంతా అంటించాం. వచ్చేవారం షోలో జనం ముందు రాణి ఒక్కసారి చచ్చినా, నీ ఉద్యోగం ఖాయమయ్యే మాట మర్చిపో."

"పోనీ, రాణి ఒక్కదానికే మినహాయింపు రాసేదా?"

"ఛఛ! ఆటగాళ్లు ఇట్టే పసిగడతారు. ఆడదానికి దొంగచాటుగా సాయం చేశామంటారు. రూల్ అంటే అందరికీ ఒకటే. మన దగ్గర వివక్ష లేదు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. బొమ్మలాటల పిచ్చితో బంగారం లాంటి పాత ఉద్యోగం వదిలేశావని వాళ్లక్క ఇప్పటికీ ఫోన్‌లో దెప్పుతూనే ఉంది. ఉద్యోగం పోతే పోయింది, ‘నే ముందే చెప్పలా’ అనే అక్క గొంతు వినడం కన్నా రాణిగారిలా బాణం తిని చావడమే నయం.

సూది తన బల్ల దగ్గర కూర్చుని రాణిగారి వంక చాలాసేపు చూసింది. బట్ట పెరగకూడదు. ప్రాణం పోకూడదు. రూల్ అందరికీ ఒకటే ఉండాలి. ఈ మూడూ కుదిరే లెక్క ప్రపంచంలో ఒక్కటే ఉంది. చర్మం ఎంత కనిపిస్తే ప్రాణం అంత గట్టి.

సిగ్గు లేకుండా అదే రాసింది.

మర్నాడు బాణాలు రాణిగారి బొడ్డుకు తగిలి, వంగిపోయి, కింద పడ్డాయి. బాస్ చప్పట్లు కొట్టాడు.

"ఒక్క మాట సార్. ఇది హీరోకి కూడా వర్తిస్తుంది."

"వర్తించనీ!"

"కవచం విప్పితే ఆయన కూడా ఇంకా..."

"ఎందుకు విప్పుతాడమ్మా? మగాణ్ణి బట్టల్లేకుండా ఎవడు చూస్తాడు?"

"ఆటగాళ్లకి చూపు కాదు సార్, గెలుపు కావాలి."

"వెళ్లి పని చూసుకో."

షో రోజు హాలు కిటకిటలాడింది. ముందు వరసలో బాస్ వాళ్లమ్మ కూర్చుంది, కొడుకు మొహం అంత పెద్ద తెర మీద చూసుకోవాలని. పోటీకి పిలిచిన ఆటగాళ్లు ఇద్దరు. పొడుగాటి కుర్రాడొకడు పోస్టర్ చూసి రాణిని ఎంచుకున్నాడు. కళ్లద్దాల అమ్మాయి హీరోని తీసుకుంది. పొద్దున్న సాధనకి వదిలినప్పుడే ఆ అమ్మాయి ఆట కిటుకు కనిపెట్టేసిందని సూదికి ఆమె చిరునవ్వు చూడగానే తెలిసిపోయింది.

మొదటి దెబ్బకే హీరో ప్రాణం సగమైంది. కళ్లద్దాల అమ్మాయి తాపీగా మెనూ తెరిచి శిరస్త్రాణం తీసేసింది. ప్రాణం పెరిగింది. ఛాతీ కవచం విప్పింది. ఇంకా పెరిగింది. కవచంతో పాటు కండలూ పోయాయి. లోపలి నుంచి స్కానింగ్‌లో దొరికిన అసలు బొజ్జ చల్లటి గాలికి బయటపడింది. హాలు గొల్లుమంది. ఆ అమ్మాయి ఆగలేదు. తొడుగులు, బూట్లు, నడికట్టు అన్నీ పోయాయి. మిగిలింది చెడ్డీ ఒక్కటే. లోపల ఏం వేయాలో ఎవరూ చెప్పకపోవడంతో, దాన్నీ బాబాయ్ అలవాటు ప్రకారం పొదుపుగానే కానిచ్చాడు.

వేదిక పక్కన బాస్ పని అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది.

"ఆపు! ఆపవే తల్లీ!" అన్నాడు సూదితో.

"రాణి బతికే ఉంది కదా సార్?"

ఇంతలో ముందు వరసలోంచి వాళ్లమ్మ గొంతు ఖంగుమంది. "ఒరేయ్ నాన్నా! ఆ మంచులో అదేం అవతారంరా? జలుబు చేస్తుంది, చొక్కా వేసుకో! ఆ పిల్లకీ ఏదన్నా కప్పండ్రా, ఇందాకట్నించీ చూస్తున్నా!"

నవ్వులకి హాలు పైకప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. బాస్ విరామం ప్రకటించి, సూది చెయ్యి పట్టుకోబోయి, మానుకుని, దండం పెట్టాడు.

"పాత రూల్ పెట్టెయ్. ఇనుము ఆపాలి, అంతే."

"క్షణంలో పని సార్. కానీ అప్పుడు రాణి చస్తుంది. చస్తే నా ఉద్యోగం..."

"బట్టలు వేయించు! ఇద్దరికీ! నీ ఉద్యోగం ఖాయం, చాలా?"

"వేదిక మీద కూడా ఆ మాట చెప్పేస్తే నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది సార్."

చెప్పాడు. వేరే దారి లేదు. అవతల బాబాయ్ గొణుక్కుంటూ హీరో కవచాన్ని రాణిగారి కొలతకి కుదిస్తున్నాడు. "మోకాళ్లకి అక్కర్లేదు బాబాయ్, ఉన్నాయిగా" అంది సూది.

రెండో ఆటలో మొదటి బాణం రాణిగారి పొట్టకే వచ్చింది. ఠంగున మోగి ముక్కలైంది. రాణిగారు కత్తి దూసి, పొడుగు కుర్రాడి చేతుల్లో మొట్టమొదటిసారి యోధురాలిలా పరుగెత్తారు. ఎత్తు మడమలు మాత్రం అలాగే ఉన్నాయి. విరామం అంతకే సరిపోయింది.

మర్నాడు బాస్ టీవీలో మాట్లాడాడు. స్త్రీ పాత్రను గౌరవించడం మా కంపెనీ మొదట్నుంచీ పాటిస్తున్న పద్ధతి అన్నాడు, నిండు కవచం ఆలోచన తనదే అన్నాడు. సూదికి అక్క ఫోన్ చేసింది. దెప్పడానికి కాదు, నవ్వాగక.

"మీ బాస్ ఏంటే, ఈ ఎండలో కూడా మెడదాకా బొత్తాలు పెట్టుకున్నాడు?"