కర్టెన్ కొసన ముత్యం

ఆ ఇంట్లో ఎవరికైనా ఏదైనా గుర్తుండాలంటే బట్టకి ముడేస్తారు. ఈ అలవాటు అమ్మమ్మతో మొదలైంది. మందులు తెచ్చుకోవాలంటే చేతిరుమాలుకి ముడి, ఎవరికో ఫోన్ చెయ్యాలంటే తువ్వాలుకి ముడి. దుప్పటి కొసకి ముడి ఉందంటే కిటికీ గడియ బాగుచేయించాలని అర్థం. చివరికి అల్లుడైన నాన్నకి కూడా ఈ జబ్బు అంటుకుంది. రోజూ సాయంత్రం ఆయన తువ్వాలు ముడి చూసుకుని నెత్తి గోక్కునేవాడు.

"ముడైతే ఉందత్తయ్యా. ఎందుకేశానో గుర్తులేదు."

"అది గుర్తుండడానికి ఇంకో ముడి వేసుకోవాల్సింది నాయనా," అనేది అమ్మమ్మ.

ఆ ఇంటి చిన్నమ్మాయిని అందరూ గువ్వ అని పిలుస్తారు. ఏం అడిగినా గొంతులోనే "ఊ" అంటుంది తప్ప నోరు తెరవదు. చుట్టాలొస్తే తలుపు చాటుకి పోతుంది. నోట్లో నాలుక లేని పిల్ల అని అమ్మ దిగులు పడితే, "ఉన్న నాలుకలు చాలవా ఈ ఇంట్లో" అని అక్క వెనకేసుకొచ్చేది.

ఆ అక్కకే నిశ్చితార్థమైంది. కాబోయే అత్తగారు తన వేలి ఉంగరం తీసి అక్క వేలికి తొడిగింది. సన్నటి బంగారు తీగ మీద ఒకే ఒక్క ముత్యం. ఆవిడకి వాళ్ళమ్మ ఇచ్చింది. "ముత్యం ప్రాణమున్న వస్తువమ్మా. సబ్బునీళ్ళకీ బ్లీచింగ్‌కీ తట్టుకోదు. పని చేసేటప్పుడు తీసి భద్రంగా పెట్టుకో," అని మరీ మరీ చెప్పింది.

ఆవిడ మొదటిసారి వీళ్ళిల్లు చూడడానికి వస్తానని కబురు చేసింది. ఇంకేముంది, ముందురోజు పొద్దున్నే అమ్మ ఇల్లు పీకి పందిరేసింది. బాత్‌రూమ్ గోడలూ వంటింటి గట్టూ బ్లీచింగ్‌తో రుద్దే పని అక్క మీద పడింది. రబ్బరు గ్లవ్స్ తొడుక్కోబోతే ఉంగరం అడ్డం పడి వేలి దగ్గర చిరిగిపోయాయి. తీసి ఎక్కడో ఒకచోట పెడదామని చూసింది. వంటింట్లో కప్పులో పెడదామంటే అమ్మ కప్పులన్నీ దించేసి కడుగుతోంది. బీరువా మీద పెడదామంటే నాన్న స్టూలెక్కి అక్కడే దుమ్ము దులుపుతున్నాడు. దిండు కిందంటే దిండ్లన్నీ ఎండలో ఉన్నాయి. ఆ రోజు ఆ ఇంట్లో కదలని చోటంటూ లేదు. కదలకుండా ఉన్నది మెట్ల మీద కూర్చున్న గువ్వ ఒక్కతే.

"ఇదిగోనే, పట్టుకో," అంది అక్క. "నీకింక వేరే పని లేదు. దీన్ని కంటికి రెప్పలా చూసుకో."

"ఊ."

"ఊ కాదు. నోరు తెరిచి చెప్పు."

"చూసుకుంటా."

గువ్వ మెట్ల మలుపులో ఉన్న కిటికీ దగ్గరికి జరిగి కూర్చుంది. ఉంగరం అరచేతిలో పెట్టుకుంది. ముత్యం మొదట చల్లగా తగిలింది. కాసేపటికి ఆ చల్లదనం పోయి, చేతిలో ఏదో చిన్న ప్రాణి నిద్రపోతున్నట్టుంది.

కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూస్తే ముత్యంలో కిటికీ కనిపించింది, తెల్లటి నలుసంత. దాని ముందు చీమ తలంత నల్లచుక్క. అది తనే. అలాగే చూస్తూ ఉంటే ముత్యం లోపలికి ఒక ఇల్లు వచ్చి చేరింది. గుండ్రటి గదులు. మూలలు లేవు కాబట్టి ఊడవడం తేలిక. బూజు పట్టే చోటే లేదు. గోడలు పాలరంగులో ఉన్నాయి, వెలుగు ఎటునుంచి వస్తోందో తెలియదు. ఆ ఇంట్లో అక్క చెప్పులు లేకుండా గదిలోంచి గదిలోకి నడుస్తోంది. ఏదో మాట్లాడుతోంది కానీ వినిపించడం లేదు. మంచం ఒక్కటే ఉంది.

ఇక్కడ అక్క మంచానికీ గువ్వ మంచానికీ మధ్య చెయ్యి చాపితే అందేంత దూరం. నిద్రపట్టే దాకా అక్క చెబుతూనే ఉంటుంది, గువ్వ ఊ కొడుతూనే ఉంటుంది. ఊ ఆగిపోతే అక్కకి నిద్ర తేలిపోతుంది. "పడుకున్నావా?" అని లేపి మరీ చెబుతుంది. ఆ గుండ్రటి ఇంట్లో అక్కకి ఎవరు ఊ కొడతారు?

"గువ్వా! ఈ బకెట్ అందుకోవే, జారిపోతోంది!"

కిందనుంచి అమ్మ కేక. గువ్వ ఉలిక్కిపడి లేచింది. బకెట్‌లో ఉన్నవి బ్లీచింగ్ నీళ్ళు. చేతిలో ముత్యం. వేలికి పెట్టుకుంటే తడుస్తుంది. పక్కన పెడితే ఎవరి చీపురుకో చిక్కుతుంది. అంతలో చెయ్యి దానంతట అదే కిటికీ కర్టెన్ కొస పట్టుకుంది. ఉంగరాన్ని కొసలో పెట్టి, అమ్మమ్మ నేర్పినట్టు రెండు చుట్లు తిప్పి, గట్టిగా బిగించింది. కర్టెన్‌కి కాళ్ళు లేవు కదా, ఎక్కడికి పోతుంది అనుకుంది.

బకెట్ అందుకున్నాక అమ్మ వదల్లేదు. కొట్టుకెళ్ళి నేల రుద్దే బ్రష్ తెమ్మంది. కొట్టతను మూలనున్న బ్రష్‌లన్నీ ఒక్కొక్కటే దులిపి చూపించాడు. గువ్వకి "అది చాలు" అనడానికి నోరు రాక అన్నీ చూసింది.

ఇంటికొచ్చి గుమ్మంలో అడుగు పెట్టేసరికి కళ్ళు జిగేల్మన్నాయి. ఇల్లంతా వెలుగు. మెట్ల మీద, గోడల మీద, తడి నేల మీద ఎక్కడ చూసినా ఎండే. కాసేపు ఆ ముత్యంలోని ఇంట్లోకే వచ్చేశానా అనుకుంది. తర్వాత తలెత్తి చూసింది. కిటికీలన్నీ రెప్పల్లేని కళ్ళలా ఉన్నాయి.

"కర్టెన్లు ఇంట్లో ఉతికితే రేపటికి ఆరేలా లేవే," అంది అమ్మ బ్రష్ అందుకుంటూ. "లాండ్రీకి పంపించేశా. మీ నాన్న ఇప్పుడే ఇచ్చొచ్చాడు."

గువ్వ మెట్ల మలుపు వైపు చూసింది. ఆ కిటికీ కూడా బోసిగా ఉంది.

బాత్‌రూమ్‌లోంచి, మోచేతుల దాకా నురగతో, అక్క తల బయటికి పెట్టింది. "ఏమే, ఉంగరం జాగ్రత్తేనా?"

నిజం చెప్పడానికి అదే సమయం. మాట నాలుక మీదికి వచ్చింది కూడా. కానీ అమ్మ వింటోంది, నాన్న వింటున్నాడు, అక్క నవ్వుతోంది.

"ఊ," అంది గువ్వ.

అప్పుడే లాండ్రీకి పరిగెత్తి ఉంటే బాగుండేది. అమ్మ పనుల మీద పనులు చెప్పింది, కాదనడానికి కారణం చెప్పాలి, కారణం చెబితే అన్నీ చెప్పాలి. నేల తుడిచింది, గాజు సీసాలు తుడిచింది, అలమరాలో పాత కాగితాలు మార్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ కాస్త నడుం వాల్చినప్పుడు, చెప్పులు చేత్తో పట్టుకుని బయటపడింది.

లాండ్రీ వెనకవీధి చివర ఉంది. పక్కన పారే కాలవ మీద ఎప్పుడూ తెల్లటి నురగ తేలుతూ ఉంటుంది. లోపల పెద్ద పెద్ద మెషిన్లు దడదడలాడుతున్నాయి. ఆవిరి మధ్య లాండ్రీ ఆవిడ ఇస్త్రీ చేస్తోంది. భారీ మనిషి. గొంతు అంతకంటే భారీ.

"ఏం కావాలమ్మా?"

"కర్టెన్లు…" అంది గువ్వ. మెషిన్ చప్పుడు ఆ మాటని నమిలి మింగేసింది.

"గట్టిగా చెప్పు తల్లీ. గాలితో మాట్లాడుతున్నావా, నాతోనా?"

"కర్టెన్లు! తెల్లవి! కొసకి ముడి…"

ఆవిడ ఇస్త్రీ పెట్టె నిలబెట్టి పకపకా నవ్వింది. "ఓహో, ముడుల ఇంటి పిల్లవా! మీ దుప్పట్ల ముడులు విప్పలేక నా గోళ్ళు అరిగిపోయాయి కదమ్మా. ఇవాళ మీ నాన్న ఇంకో అడుగు ముందుకేశాడు. వేరేవాళ్ళ కర్టెన్లలో కలిసిపోతాయట, గుర్తుకి అన్నిటికీ తలో ముడీ వేసి, విప్పొద్దని చెప్పి మరీ వెళ్ళాడు. సరే మహానుభావా అని అలాగే నానబెట్టాం."

"బ్లీచింగ్‌లోనా?"

"తెల్లబట్టలు మరి దేంట్లో నానబెడతారు? ఏమైందమ్మా, అలా పాలిపోయావు? పైన ఆరేశాం, వెళ్ళి చూసుకో."

గువ్వ మెట్లెక్కి డాబా మీదికి వచ్చింది. అక్కడ ఊరే కనబడలేదు. తాళ్ళ మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా తెల్లటి బట్టలు. ఎండ వాటిలోంచి వడకట్టుకుని వస్తోంది. గాలి వచ్చినప్పుడు అన్నీ కలిసి ఒక్కసారి ఊపిరి పీల్చుకుంటున్నాయి, కలిసి వదులుతున్నాయి. గువ్వ వాటి మధ్యలోకి నడిచింది. తడి గుడ్డ చెంపకి తగిలి పోతోంది. ముందూ వెనకా తెలుపు. కింద మెషిన్ల చప్పుడు ఎక్కడో నీటి అడుగున వినిపిస్తున్నట్టుంది. తను నడుస్తోందో, తెలుపే తన పక్కనుంచి నడిచిపోతోందో తెలియలేదు.

ముడులు కనబడ్డాయి. మొదటిది విప్పింది. ఖాళీ. ఇంకోటి, ఖాళీ. నాన్న వేసిన ముడులన్నీ ఆయనలాగే వదులుగా, లోపల ఏమీ లేకుండా ఉన్నాయి. ఇంక కళ్ళతో వెతకడం మానేసింది. కళ్ళు మూసుకుని, కొసలు తడుముకుంటూ పోయింది. మెత్తన, మెత్తన, మెత్తన. ఒకచోట వేళ్ళకి గట్టిగా తగిలింది.

తడిసి బిగుసుకుపోయిన ముడి చేతికి లొంగలేదు. పళ్ళతో లాగింది. నోరంతా బ్లీచింగ్ చేదు. ముడి విడిపోయి ఉంగరం అరచేతిలో పడింది.

ముత్యం ఉంది. ఒకవైపు ఎప్పటిలా మెరుస్తోంది. రెండో వైపు, అద్దం మీద ఎవరో ఊపిరి ఊదినట్టు, మసకబారి ఉంది. గువ్వ ఫ్రాక్‌తో తుడిచింది. మసక పోలేదు. మళ్ళీ తుడిచింది. పోలేదు. ఇందాకటి ఇంటి కోసం అందులోకి చూసింది. అటువైపు ఏ కిటికీ కనబడలేదు.

ఇంటికి వచ్చేసరికి అక్క మెట్ల మీద కూర్చుని నీళ్ళకి ముడతలు పడ్డ వేళ్ళు ఆరబెట్టుకుంటోంది. గువ్వ ఎదురుగా నిలబడి మొత్తం చెప్పింది. బకెట్, ముడి, లాండ్రీ, డాబా, అన్నీ. పుట్టాక ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడడం అదే మొదలు. చెప్పేసరికి రొప్పు వచ్చింది.

అక్క ఉంగరం తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"ముత్యం సంగతి సరేనే," అంది చివరికి. "అడగ్గానే ఊ అన్నావు చూడు, అదే నాకు కష్టంగా ఉంది. నీ ఊ నమ్ముకునే కదే నేను నిద్రపోయేది."

గువ్వకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్క కాస్త మెత్తబడి పక్కకి జరిగి చోటిచ్చింది.

"సర్లే. రేపు ఆవిడ అడిగితే, పని చేస్తూ తియ్యడం మర్చిపోయానంటాలే."

"వద్దు. నేను చెప్తా."

"నువ్వా? నిశ్చితార్థం రోజు ఆవిడ నీ పేరేంటని అడిగితే అమ్మ వెనక్కి పోయావు!"

గువ్వ జేబులోంచి చేతిరుమాలు తీసి, ఒక కొసని రెండు చుట్లు తిప్పి ముడేసింది. లోపల ఏమీ లేదు. చెప్పాల్సిన మాట తప్ప.

మర్నాడు కాబోయే అత్తగారు వచ్చింది. ఇల్లు అద్దంలా మెరిసిపోతోంది. కర్టెన్లు ఇస్త్రీ మడతలతో వేలాడుతున్నాయి, మెట్ల కిటికీ కర్టెన్ కొస మాత్రం ఎంత ఇస్త్రీ చేసినా నలిగే ఉంది. ఆవిడ కుర్చీలో కూర్చుని, అక్కని పక్కన కూర్చోబెట్టుకుని, మాటల మధ్యలో అక్క చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. అక్క మసకవైపు లోపలికి వచ్చేట్టు ఉంగరాన్ని మెల్లగా తిప్పబోయింది.

"అత్తయ్యగారూ."

గదిలో అందరూ ఆ గొంతు ఎవరిదా అని చూశారు. గువ్వ కర్టెన్ పక్కన నిలబడి ఉంది. చేతిరుమాలు ముడి పిడికిట్లో పిసికేస్తోంది.

"ఉంగరం నేను పాడుచేశానండి. అక్క నాకే ఇచ్చింది. నేను కర్టెన్‌కి ముడేశాను. అది బ్లీచింగ్‌లోకి వెళ్ళింది."

అమ్మ చేతిలో పళ్ళెం చేతిలోనే ఉండిపోయింది. ముడుల మాట వినగానే నాన్న నెత్తి గోక్కున్నాడు. ఆవిడ లేచి ఉంగరం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. వెలుగులో పెట్టి ఒకవైపు చూసింది, రెండో వైపు చూసింది. వేలి కొసతో మసక మీద నెమ్మదిగా రాసింది.

"చిన్నబోయింది పాపం," అంది. ఆవిడ ముఖం కూడా కాస్త చిన్నబోయింది. గువ్వ అది చూసింది, తల దించుకోలేదు.

"ముడి గట్టిగా వేశావా?"

"రెండు చుట్లు."

"ఎవరు నేర్పారు?"

అందరూ అమ్మమ్మ వైపు చూశారు. అమ్మమ్మ పైకప్పులో బూజు ఏమైనా మిగిలిందేమోనని వెతుకుతోంది.

"ముడి గట్టిది కాబట్టి ఒకవైపైనా మిగిలింది," అంది ఆవిడ. వచ్చి ఉంగరం మళ్ళీ అక్క వేలికి తొడిగింది. మసకవైపు లోపలికి తిప్పలేదు. "చూడమ్మాయ్, దీనికి కాపలా ఉండమని నిన్ను పెట్టారు. సగం పని చేశావు. మిగతా సగం ఎవరు చేస్తారు? మా ఇంట్లో వారానికోసారి ఇల్లు కడుగుతాం. పెళ్ళయ్యాక కూడా ఆ రోజు పొద్దున్నే నువ్వు రావాలి. వచ్చి, కదలకుండా కూర్చుని, ఇది పట్టుకోవాలి. పనైతే సాయంత్రం దాకా అవదు. రాత్రి మీ అక్క దగ్గరే పడుకుందువుగాని. ఏం?"

గువ్వకి ఎక్కడో తెల్లటి గుండ్రటి ఇంట్లో ఎవరో రెండో మంచం తెచ్చి వేస్తున్న చప్పుడు వినిపించింది. అక్క తన వైపే చూస్తోంది. అందరూ ఊ కోసం ఎదురుచూస్తున్నారు.

"వస్తానండి," అంది గువ్వ, నోరు తెరిచి.

"మాటైతే ఇచ్చారు గానీ రేపు మర్చిపోతారేమో వదినగారూ," అన్నాడు నాన్న, అందరికీ ఊపిరాడేలా. "మా ఇంటి పద్ధతిలో ఓ ముడెయ్యండి."

ఆవిడ నవ్వి, తన చేతిరుమాలు తీసి కొసకి ఒక ముడి వేసింది. అలవాటు లేని చెయ్యి, ముడి వేస్తూనే జారిపోయింది.

ఇంక అమ్మమ్మ ఉండబట్టలేకపోయింది. "అదేం ముడమ్మా! ఇలా ఇవ్వండి," అని పైకప్పు వదిలేసి, కుర్చీ ఆవిడ పక్కకి లాక్కుంది.