నింపిన చెయ్యి

బేసిన్ అందుకునే వ్యవధి లేకపోయింది. అత్తగారు మంచం అంచుకి ఒరిగి మళ్లీ వాంతి చేసుకుంది. అంతా కోడలి దోసిట్లోకే. వెచ్చగా, పుల్లటి కంపుతో, వేళ్ల సందుల్లోంచి మోచేతుల దాకా కారింది. పక్కనే ఉన్న ఆడపడుచు ముక్కు మూసుకుని రెండడుగులు వెనక్కి వేసింది. ఆవిడ కొడుకు మాత్రం కిటికీ వైపు తిరిగి, ఆ ఊచలతో చెబుతున్నట్టు, నర్సు ఎక్కడ చచ్చిందని విసుక్కున్నాడు.

నర్సు రాలేదు. కోడలే చేతులు కడుక్కుంది, నేల తుడిచింది, పెద్దావిడని అటు దొర్లించి ఇటు దొర్లించి దుప్పటి మార్చింది. పొద్దున ఆసుపత్రికి తెచ్చినప్పటి నుంచి ఇదే వరస. కోడలి కడుపు కూడా నాలుగు రోజులుగా బాగోలేదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి ఆమె కూడా చెప్పలేదు.

డాక్టరమ్మ వచ్చి నాడి చూసింది. ఇదంతా నీళ్ల వల్లే అంది. వాళ్ల వీధిలో పైపు పగిలి కుళాయి నీళ్లలో మురుగు కలుస్తోందట, ఆ చుట్టుపక్కల నుంచి ఇప్పటికే చాలామంది వచ్చారట. కానీ ఈవిడ ఆలస్యంగా వచ్చింది, కిడ్నీల మీద పడుతోంది. ఇంట్లో కుళాయి నీళ్లు తాగుతున్నారా అని అడిగింది.

తాగే పనే లేదు. ఆ ఊరి కుళాయి నీళ్లు సముద్రానికి సొంత మేనమామ కూతుళ్లు. బకెట్ అంచున తెల్లటి పెచ్చు కడతాయి, సబ్బుకి నురగ రానివ్వవు, కుళాయి మూతి చూస్తే గారపట్టిన పన్ను గుర్తొస్తుంది. స్నానానికీ నేల కడగడానికీ తప్ప ఎవరూ వాడరు. తాగడానికి, వండడానికి క్యాను నీళ్లు. బండివాడు క్యాను గేటు దగ్గర దించి పోతాడు, అక్కణ్ణుంచి మూడో అంతస్తుకి ఎక్కించేది ఆమె. పెళ్లైన కొత్తలో ఒక చెయ్యి వెయ్యమని మొగుణ్ణి అడిగింది. నా నడుముకేమైనా అయితే ఈ ఇల్లెవరు నడుపుతారు అన్నాడు. నడుమనేది ఇంటికొకటే ఇస్తారు కాబోలు అనుకుని, అప్పట్నుంచి అడగడం మానేసింది.

"క్యాను నీళ్లే తాగుతారండీ," అంది డాక్టరమ్మతో.

ఆడపడుచు ఇంటి నుంచి వస్తూ ఆ క్యాను నీళ్లే సీసాలో పట్టి తెచ్చింది. డాక్టరమ్మ మూత తీసి వాసన చూసి, చప్పున ముఖం తిప్పేసుకుంది. ఇవి క్యాను నీళ్లు కావు, అచ్చంగా మీ వీధి కుళాయి నీళ్లే అంది. ఎన్నాళ్ల నుంచి తాగుతోందో కనుక్కుని చెప్పండి, దాన్ని బట్టే మందు మార్చాలి అని చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్లింది.

అందరి చూపూ కోడలి మీదికి తిరిగింది.

"మొయ్యలేకపోతే మొయ్యలేనని చెప్పాలి వదినా," అంది ఆడపడుచు. "కుళాయి కింద పెట్టి నింపేస్తావా? అమ్మ వారం నుంచీ మొత్తుకుంటోంది, నీళ్లు ఉప్పగా ఉన్నాయే అని."

నిజమే, మొత్తుకుంది. కాకపోతే ఆవిడ కూర ఉప్పగా ఉందనీ మొత్తుకుంటుంది, చప్పగా ఉందనీ మొత్తుకుంటుంది. అయినా, తన నాలుక్కీ అలాగే తగలడంతో, కోడలు ఆ మాట మొగుడి చెవిన వేసింది. వయసొచ్చాక నోరంతే, అయినా బండివాణ్ణి నేను నిలదీస్తాలే అన్నాడు. ఆమె నమ్మింది.

ఇప్పుడు ఆ మొగుడే నిట్టూర్చాడు. పొద్దస్తమానం పార్లర్లో ఊళ్లోవాళ్ల తలలు కడుగుతుంటే ఇల్లెవరికి పట్టిందన్నాడు. అంతటితో ఆగలేదు. పార్లర్ యజమానురాలికి ఇందాకే ఫోన్ చేశానన్నాడు, రేపట్నుంచి రాదని చెప్పేశానన్నాడు. వేరే పిల్లని చూసుకుంటానందిట ఆవిడ.

ఆ పార్లర్ ఒక్కటే ఆమెని పేరుపెట్టి పిలిచే చోటు. కాళ్ల నొప్పులున్నా, కంటి మీద కునుకు లేకపోయినా, అక్కడ తలుపు తోసుకుని లోపలికి వెళ్తే నీ చెయ్యి పడితేనే నిద్రొస్తుందమ్మా అనే ఆడవాళ్లుంటారు. ఒక్క ఫోన్ కాల్‌తో, తల్లి వాంతుల మధ్య తీరిక చేసుకుని మరీ, దాన్ని తుడిచేశాడు. ఆమె నేల తుడుస్తున్నప్పుడే చేసుంటాడు. ఊచల వైపు తిరిగి నిలబడ్డది అందుకే అన్నమాట.

ఆమె బయటికొచ్చి వరండాలో బల్ల మీద కూలబడింది. కాసేపటికి అతనూ వచ్చి కూర్చున్నాడు. అమ్మకేమైనా అయితే నేను బతకను అంటూ ఆమె భుజం మీద తల ఆన్చి వెక్కాడు. ఆమె చెయ్యి అలవాటు కొద్దీ అతని జుట్టులోకి వెళ్లింది.

వెళ్లి, ఆగిపోయింది.

ఆ ఊళ్లో ఏ తల తడిమినా కొబ్బరి పీచే. ఆడపడుచుదీ అంతే, తనదీ అంతే. ఉప్పునీళ్లు ఎవర్నీ వదలవు. మరి ఈ తల పట్టులా జారుతోందేమిటి? రెండు వారాల కిందట అతను దువ్వెనలో రాలిన వెంట్రుకలు చూపించి ఒక మాట అడిగాడు. ఆమె పని గురించి అతను అడిగిన మొదటి ప్రశ్న, చివరి ప్రశ్న. మంచినీళ్లతో కడిగితే నిలబడుతుందని చెప్పింది.

"తలకి ఏ నీళ్లు పోసుకుంటున్నారు?" అంది.

అతను గబుక్కున తల ఎత్తాడు. కళ్లు అప్పటికే ఆరిపోయి ఉన్నాయి. కాసేపు గొణిగాడు. ఆమె పార్లర్‌కి వెళ్లాక సగం క్యాను స్నానాల గదిలోకి పట్టుకెళ్లేవాడట. సగం ఖాళీ అయితే ఆమె గుర్తుపట్టి నస పెడుతుందని, కుళాయి కింద పెట్టి మళ్లీ నింపేవాడట. మురుగు కలుస్తోందని తనకేం తెలుసన్నాడు.

"మరి మీకేం కాలేదే?"

"ఆఫీసుకీ ఇంట్లోకీ నా సీసా ముందే నింపుకుంటాగా," అన్నాడు, ఇందులో అడగాల్సిందేముంది అన్నట్టు.

పొద్దుట్నుంచి తన చేతుల్లో ఏమేం పడ్డాయో ఆమెకి తెలుసు. వాటిలో ఏదీ ఆమెకి ఇంత రోత పుట్టించలేదు. జుట్టులో పెట్టిన వేళ్లని చీరకి తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది.

అతను దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "నువ్వే పోశావని ఒప్పుకో. నువ్వు కోడలివి, నిన్నో మాట అన్నా ఒకటే, అనకపోయినా ఒకటే. అమ్మకి నేనంటే ప్రాణం. నేనని తెలిస్తే ఆ బెంగతోనే పోతుంది."

"ఎన్నాళ్ల నుంచి పోస్తున్నారో డాక్టర్‌కి చెప్పాలి."

"ఏదో ఒకటి చెప్పు. రెండ్రోజులు అను."

రెండ్రోజులంటే డాక్టరమ్మ రెండ్రోజుల మందే ఇస్తుంది. లోపల పెద్దావిడ వారం నుంచి ఉప్పు ఉప్పని మొత్తుకుంటోంది. ఆ లెక్క అతనికి తట్టలేదా? తట్టే ఉంటుంది. ఆమె లేచి లోపలికి నడిచింది. వెనకాల అతను ఏయ్, నిన్నే అని పిలుస్తూనే ఉన్నాడు.

డాక్టరమ్మ మంచం దగ్గరికి తిరిగొచ్చింది. ఎన్నాళ్లయిందో తేలిందా అని అడిగింది.

"నాకు తెలీదు డాక్టర్," అంది ఆమె. "నింపిన మనిషిని అడగాలి."

"నింపింది నువ్వే కదా వదినా," అంది ఆడపడుచు.

ఆమె మంచం పక్కన వంగి, అత్తగారి నోటి చివర కారుతున్న చొంగ తుడిచింది. పెద్దావిడ కళ్లు తెరిచి చూసింది. గుమ్మంలో అతను నిలబడిపోయాడు. ఆమె గొంతు పెంచలేదు, తగ్గించనూ లేదు.

"అత్తయ్యా, క్యానులో కుళాయి నీళ్లు పోసింది మీ అబ్బాయి. తాగే నీళ్లు ముందు తన సీసాలో పట్టుకుని, మిగిలినవి నెత్తిన పోసుకుని, ఆ తర్వాతే మీకు పోశాడు."