వాగవతలి రాళ్ల చప్పుడు

గింజల నుంచి నూనె తీసే మా ఆర్గాన్ చెట్ల అడవి వేసవిలో మూసి ఉంటుంది. కాయ పండి దానంతటదే రాలాలి, మసీదు దగ్గర చాటింపు పడాలి, అప్పుడే ఆడవాళ్లం ఏరుకోవాలి. అంతదాకా మేకను కూడా తోలం. అలాంటి అడవిలో ఆ పొద్దున నూనె కంపెనీ మనుషులు కర్రలతో పచ్చికాయ దులుపుతున్నారు. కాయతోపాటు వచ్చే ఏటి మొగ్గ కూడా రాలిపోతోంది.

ఇజ్జా అవ్వ కర్రకు అడ్డం వెళ్లింది. కంపెనీ యజమాని తైబీ నవ్వాడు.

"అవ్వా, ఈ కంపెనీ మీ కోసమే కదా! నూనె సీసా మీద నీ బొమ్మే వేయించా. ‘అడవిని కాపాడే ఆడవాళ్లు’ అని రాయించా."

"బొమ్మను నువ్వే ఉంచుకో నాయనా. చెట్టును కొట్టకు."

"నూనె కొనే ఫ్రాన్సు వాళ్లు తొందరపెడుతున్నారు. కాయ దానంతటదే రాలేదాకా ఎవడాగుతాడు?"

ఆ సాయంత్రం, మేం తైబీ కంపెనీకి రాళ్లతో గింజలు పగలగొట్టే షెడ్డులో పెద్ద రభస. మర్నాడే ఆ ఫ్రాన్సు వాళ్లు మా పని చూడటానికి వస్తున్నారు. వాళ్ల ముందు రాయి ఎత్తొద్దంది ఇజ్జా అవ్వ. రఖియా విరుచుకుపడింది.

"నీకేం, ఒంటిదానివి! మొగుడొదిలేసినదాన్ని, నా పిల్లలు మట్టి తింటారా?"

"చెట్టు చచ్చాక ఏం తింటారే?"

"అది వచ్చే ఏటి మాట. నాకు రేపటి రొట్టె కావాలి. మనం ఆపితే మాత్రం? వాగవతలి షెడ్డూ తైబీదే. వాళ్లు కొడతానే ఉంటారు!"

రఖియా చెప్పింది అబద్ధం కాదు. మా ఆకలికీ మా అడవికీ తగవు పెట్టి బతుకుతున్నవాడు తైబీ.

మర్నాడు ఫ్రాన్సు వాళ్ల తరఫున ఒకావిడ వచ్చేసరికి రాళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం. రఖియా ఒక్కతే తల వంచుకుని కొడుతోంది. వీళ్లెందుకు ఊరికే కూర్చున్నారని ఆవిడ అడిగింది. నాలుగు ఫ్రెంచి ముక్కలు వచ్చు గనుక తైబీ జవాబు నాకు అర్థమైంది: టీ తాగే వేళట!

ఇజ్జా అవ్వ లేచి, అడవిలో కర్రల దెబ్బకు విరిగిపడిన పచ్చికొమ్మ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని కాసేపు చూసి, బల్ల మీద పెట్టి, జీపెక్కి వెళ్లిపోయింది.

తర్వాత తైబీ పిలిపించిన పోలీసులొచ్చారు. అది కంపెనీ చెట్టట, దాని కొమ్మ విరిచిందని ఇజ్జా అవ్వను పట్టుకున్నారు.

"కర్రలు పట్టినోళ్లను వదిలేసి ముసలిదాన్నా?" రఖియా అరిచింది. వాళ్లు వినలేదు. రఖియా చేతిలో రాయి కింద పెట్టేసింది. మా షెడ్డు మూగబోయింది. వాగవతల మాత్రం టకటకా రాళ్లు మోగుతూనే ఉన్నాయి. ఆ చప్పుడు వింటుంటే ఏడుపొచ్చింది.

అవ్వను ఎక్కించుకున్న బండి వాగు దాటి అవతలి ఊరి మధ్య నుంచే వెళ్లాలి. మేం చూస్తూ నిలబడ్డాం. బండి అవతలి షెడ్డు ఆడవాళ్ల కళ్లముందే మలుపు తిరిగింది.

"వినండే," అంది రఖియా.

వాగవతల ఒక రాయి ఆగింది. ఇంకొకటి ఆగింది. ఆ తర్వాత ఒక్కటీ మోగలేదు.